ఖాళీ జోలె బరువు

విథీ చెరువు గట్టు,
ఔండిల్ దగ్గర,
జూన్ 22, 2023.

గౌరవనీయులైన డెస్మండ్ హాలెట్ గారి సముఖానికి వారి ఏకైక కుమార్తె రోవెనా వంగి వంగి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. చేపలు నాకంటే క్షేమం. మీ తుంటి ఎముక నెమ్మదిగా అతుక్కుంటోందని, మీరు మాత్రం నర్సుల మాట వినడం లేదని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. రెండోది నాకు వార్త కాదు.

మీరు కోరినట్టే మీ రేవులో కూర్చున్నాను. రేవంటే ఏదో అనుకుని వచ్చాను. తీరా చూస్తే గట్టు మీద చెక్కలు పరిచిన ఆరడుగుల చోటు. అందులో ఒక చెక్క మీ తుంటి విరగ్గొట్టింది కాబట్టి ఐదడుగులే. మన ఒప్పందం ఇద్దరికీ గుర్తుండాలని మళ్ళీ రాస్తున్నాను. ఉద్యోగం మానేసి, లీడ్స్‌లో గది ఖాళీ చేసి, తల దాచుకునే చోటు లేకుండా ఉన్న నాకు మీరు మీ కారవాన్ ఇచ్చారు. బదులుగా, మీరు కోలుకునేదాకా నేను మీ గాలాలు వేసి మీ చోటు నిలబెట్టాలి. సభ్యుడు సీజనంతా రాకపోతే చోటు పోతుందని, ఇంట్లోవాళ్ళెవరైనా బదులు కూర్చుంటే అక్టోబరులో కమిటీ ఆలోచిస్తుందని మీ నిబంధనల పుస్తకంలో ఉంది. ఈ చోటు కోసం ఇరవైనాలుగు మంది వరసలో ఉన్నారట. అందులో ఒకాయన పదకొండేళ్ళుగా ఉన్నాడట. మనిషికున్న ఒక్క బతుకులో పదకొండేళ్ళు, కంకర తవ్విన గోతిలో నిలిచిన నీళ్ళ పక్కన కూర్చోనిస్తారా లేదా అని! నేను చదివిన తత్వశాస్త్రంలో ఇలాంటివాళ్ళ గురించి ఒక్క అధ్యాయం కూడా లేదు. ఎవరికీ తట్టి ఉండదు.

వచ్చి రెండు వారాలైంది. చూసింది చూసినట్టు మనవి చేసుకుంటాను.

ఇక్కడ మగవాళ్ళంతా ఆకుపచ్చ. టోపీ ఆకుపచ్చ, గుడారం ఆకుపచ్చ, కుర్చీ, కెటిల్, ఆఖరికి టూత్‌బ్రష్ పెట్టుకునే డబ్బా కూడా. ఎవరికి కనపడకూడదని? చేప నీళ్ళలో ఉంది. మీ పళ్ళు తోముకునే వైనం మీద దానికి ఆసక్తి ఉండదని నా నమ్మకం. ఒక్కొక్కరికీ మూడేసి గాలపు కర్రలు. కర్ర కదిలిందో లేదో కళ్ళతో చూడొచ్చు కదా అంటే, దానికో కీచుపెట్టె. చేప దారం లాగితే అది కీచుమంటుంది. లాగకపోతే కీచుమనదు. అది కీచుమనకుండా ఉండడాన్ని ఈ మనుషులు రోజులకి రోజులు టీ తాగుతూ వింటారు.

ఎర సంగతి ఇంకా బాగుంది. మీ ఫ్రీజరు నిండా పిండి ఉండలే. స్ట్రాబెర్రీవి, వెల్లుల్లివి, ఎండుచేపవి, లివరువి. మనిషి తినగలిగింది అందులో ఒక్క బఠాణీల పొట్లం. అది కూడా ఎరకేనేమోనని ముట్టుకోలేదు. ఆ ఉండని గాలానికి గుచ్చరని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. గాలం పక్కనే, వెంట్రుకంత దారానికి వేలాడదీస్తారు. చేప ఉండని నోట్లోకి పీల్చుకుని, అనుమానం వచ్చి ఉమ్మేయబోతే, అప్పుడు ఆ ఖాళీ గాలం వచ్చి పెదవికి గుచ్చుకుంటుంది. అంటే, ఇది నాకు పడదు, వెళ్ళిపోదాం అనుకున్న క్షణంలోనే దొరికిపోతుందన్నమాట. అమ్మ మీతో చేసిన కాపురాన్ని ఇంత తేటగా నాకు ఎవరూ వివరించలేదు.

ఇంతా చేసి పట్టినదాన్ని తింటారా అంటే తినరు. పరుపు మీద పడుకోబెట్టి, నీళ్ళు పోసి, జోలెలో వేసి తూచి, ఫొటో తీసి, ముద్దు పెట్టి వదిలేస్తారు. ప్రతి కార్ప్ చేపకీ పేరు. పొలుసులు చూసి గుర్తుపడతారు. సొంత మేనల్లుళ్ళ పేర్లు తడుముకునేవాళ్ళు నీళ్ళలో వెళ్ళిపోతున్న వీపుని చూసి, అదిగో మార్గరెట్, చిక్కిపోయింది పాపం, అంటున్నారు.

మొదటిరోజు నేను విసిరిన గాలం నీళ్ళలో పడలేదు. వెనకాల చెట్టుకి తగులుకుంది. చెరువు కాపలాదారు పాడ్జెట్ అప్పుడే వచ్చాడు. డెబ్బై దాటిన ఆ మనిషి రోజుకి రెండుసార్లు చెరువు చుట్టూ తిరగడం, మూడోసారి తిరగబోయి ఏం మర్చిపోయానా అని ఆగడం మీకు తెలుసుగా. తలెత్తి కాసేపు కొమ్మని చూసి, అమ్మడూ, పిట్టల సీజను ఇంకా మొదలవలేదే, అన్నాడు. ఎదుటి రేవులోంచి లిండన్ (నీళ్ళ గొట్టాలు బాగుచేసే మనిషి, వారమంతా నీళ్ళతో గడిపి సెలవురోజున కూడా నీళ్ళ ముందే కూర్చునేవాడు) వదిలెయ్ పాడ్జెట్, కాలేజీ చదువు కదా, పైనుంచి మొదలెట్టింది, అని అరిచాడు. చెరువు చుట్టూ ఆకుపచ్చ టోపీలన్నీ నవ్వాయి. మూడేళ్ళు వాదనలు నేర్చుకున్న నేను వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాను.

పోతే, గుడిసెలో మీ ఫొటో. కమిటీ గుడిసెలో, టీ సామాను పైన, తలుపు తీయగానే ఎదురుగా. కింద చెక్క పలక మీద తెల్లరంగుతో: బిషప్, నలభై పౌన్ల మూడు ఔన్సులు, డి. హాలెట్, ఆగస్టు 16, 2008. ఈ చెరువులో నలభై దాటిన చేప అదొక్కటేనట. ఇక్కడ మీకు పేరు లేదు. నలభై పట్టినాయన అంటారు. నేను నలభై పట్టినాయన కూతుర్ని.

ఆ తారీఖు మీకు చేప వల్ల గుర్తుంది. నాకు అది నా పదకొండో పుట్టినరోజు కావడం వల్ల గుర్తుంది. సముద్రం చూపిస్తానని కారెక్కించారు. హన్‌స్టాంటన్ దాకా పోవాల్సిన కారు ఇక్కడ ఆగింది. పది నిమిషాలే రో, ఒక్కసారి నీళ్ళు చూసి పోదాం, అన్నారు. సాయంత్రం ఐదింటికి కూడా మనం ఇక్కడే ఉన్నాం. కెమెరా నా చేతిలో పెట్టి, చేపని ఎత్తుకుని మోకాళ్ళ మీద కూర్చుని మీరు ఒక నవ్వు నవ్వారు. నేను పుట్టిన రోజున ఆసుపత్రిలో తీసిన ఫొటోలో మీరు అలా నవ్వలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఏడు నెలలకి అమ్మనీ నన్నూ వదిలి ఈ కారవాన్‌లోకి వచ్చేశారు.

పక్కనే ఇంకో ఫొటో ఉంది. నాలుగేళ్ళ కిందట బిషప్ ముసలితనంతో చచ్చిపోతే దాన్ని పాతిపెట్టినప్పటిది. తొమ్మిదిమంది టోపీలు తీసి నిలబడ్డారు. మీరు టై కట్టుకున్నారు. నేను పట్టా తీసుకున్న రోజుకి వారం తర్వాత తీసిన ఫొటో అది. నా పట్టా రోజున మీకు జలుబు. ఆ టై నేను కొన్నదే.

ఇట్లు,
మీ రేవులో మీ బదులు విసుక్కుంటున్న,
రోవెనా.


విథీ చెరువు,
ఆగస్టు 11, 2023.

చేపలంటే ప్రాణం పెట్టే తండ్రిగారికి,

మీ పోస్టుకార్డు అందింది. మూడు వాక్యాలు. ఒకటి పిండి ఉండల గురించి, ఒకటి గాలివాటం గురించి, మూడోది గట్టు మీద ధనధనా నడవొద్దని. నేనెలా ఉన్నానని అడగడానికి చోటు చాలలేదు కాబోలు. వెనకవైపు చేప బొమ్మ మరీ పెద్దదైపోయింది.

తొమ్మిది వారాల పాటు నాకు ఏమీ పడలేదని సవినయంగా తెలియజేస్తున్నాను. ఒకరోజు కీచుపెట్టె మోగితే టీ ఒంపేసుకుని పరిగెత్తాను. బాతు. అది నన్ను చూసిన చూపులో మీ స్నేహితులందరి అభిప్రాయమూ ఉంది. లిండన్ రోజూ పొద్దున్నే అవతలి గట్టు నుంచి, ఏమ్మా ప్రొఫెసరూ, చేపలు ఇవాళైనా క్లాసుకొచ్చాయా, అని పలకరిస్తాడు. రాలేదు, నీ ముఖం చూసి సెలవు పెట్టాయి, అన్నాను ఒకరోజు. అప్పటినుంచి నాకు బిస్కట్లు పంపిస్తున్నాడు. ఈ మనుషుల్లో గౌరవం ఇలా పుడుతుంది.

పడనందుకు కారణం మీ బోధన. వంద గజాలు విసరాలన్నారు మీరు. అందరూ వంద గజాలే విసురుతారు. ఈ ఒడ్డువాళ్ళు ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డువాళ్ళు ఈ ఒడ్డుకి. ఒకరోజు విసుగొచ్చి కర్రలు తీసేసి, చెక్కల మీద బోర్లా పడుకుని, రొట్టె తింటూ నీళ్ళలోకి చూస్తున్నాను. ముక్కలు రాలాయి. నా ముక్కుకి రెండడుగుల కింద బురద పొగలా లేచింది. ఆ పొగలోంచి ఒక మూతి వచ్చి, ముసలమ్మ ముద్దు పెట్టుకున్నట్టు పెదవులు ముందుకి చాపి, రొట్టె ముక్క తీసుకుని వెనక్కి పోయింది. పదిహేను మంది మగవాళ్ళు దుర్భిణీలు పెట్టుకుని దూరంగా వెతుకుతున్న చేప మీ రేవు చెక్కల కింద కాపురం ఉంటోంది. మీకు అలవాటేగా, దూరంగా చూడడం.

పాడ్జెట్‌కి చెబితే ఆశ్చర్యపోలేదు. తెలుసమ్మడూ, ఆ సంగతి చెబితే వీళ్ళంతా కొన్న సామాను ఏం చేసుకోవాలి, అన్నాడు. గాలానికి రొట్టె పెచ్చు తగిలించి, విసరకుండా, చెయ్యి చాపి నీళ్ళలో వదలమన్నాడు. నిన్న పదిన్నరకి అలాగే వదిలాను.

తర్వాతి సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఒప్పందంలో పట్టిన ప్రతి చేప గురించీ మీకు తెలియజేయాలని ఉంది. కర్ర ఒక్కసారిగా వంగింది. అవతలివైపు ఏదో బరువైనది, నన్ను లెక్కే చేయకుండా, తన దారిన తాను పోతోంది. ఆ అనుభవం నాకు చిన్నప్పటినుంచీ ఉన్నదే. కానీ ఈసారి నా చేతిలో దారం ఉంది. పావుగంట పట్టింది. పాడ్జెట్ వల పట్టుకుని, లాగకు, దాన్ని పోనీ, అలిసిపోయి అదే వస్తుంది, ఇప్పుడు పట్టు, వదులు, వదలమన్నానా పిల్లా, అని నా చెవి పక్కన గోల. చివరికి వలలోకి వచ్చింది. బంగారు రంగు, నా చేయంత పొడుగు. నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, ఏదో అనబోయి మానేసినట్టుంది.

పరుపు మీద పెట్టాను. గాలం తీశాను. మీ పెట్టెలోని సీసా తీసి, దూదితో పెదవి మీది చిల్లికి మందు రాశాను. నేను ఎనిమిదో ఏట సైకిలు మీంచి పడి మోకాలు చీరుకుపోతే, గాలి తగిలితే అదే ఆరిపోతుందిలే, అన్న మనిషి పెట్టెలో చేప పెదవికి రెండు రకాల మందులున్నాయి.

ఆ తర్వాత జోలె. మీ ఆకుపచ్చ జోలెని నీళ్ళలో ముంచి, అందులో చేపని పెట్టి, ముక్కాలి కొయ్యకున్న స్ప్రింగు త్రాసుకి తగిలించాను. ముల్లు ఇరవైమూడు దగ్గర ఆగింది. ఇరవైమూడు, అని అరిచాను. అవును, నేనే అరిచాను. చెరువు అవతలిదాకా వినపడిందట. పాడ్జెట్ తాపీగా, ఎక్కణ్ణుంచి ఇరవైమూడు, అన్నాడు. సున్నా నుంచి, అన్నాను. సున్నా ఎక్కడ పెట్టావు అమ్మడూ, చూపించు, అన్నాడు. చేపని నీళ్ళలోకి వదిలాక ఖాళీ జోలెని అలాగే కొక్కేనికి తగిలించాడు. ముల్లు రెండు దాటి నిలబడింది. తడి జోలె ఒక్కటే రెండు పౌన్ల రెండు ఔన్సులు. ముందు ఖాళీ తడి జోలెని తగిలించి, మర తిప్పి ముల్లుని సున్నాకి తేవాలి, ఆ తర్వాతే చేప. పౌనుకి పదహారు ఔన్సుల లెక్కన నువ్వు పట్టింది ఇరవై పౌన్ల పద్నాలుగు ఔన్సుల చేపని, రెండు పౌన్ల గుడ్డని, అన్నాడు పాడ్జెట్. గుడ్డకి కూడా ముద్దు పెట్టి వదిలెయ్ ప్రొఫెసరూ, అని అవతలి నుంచి లిండన్.

రెండు పౌన్లు పోయినందుకు నాకు నిజంగా కోపం వచ్చింది. ఈ మాట ఇంకెవరితోనూ అనను. మీతో అంటున్నానంటే మీరు ఎవరితోనూ ఏ మాటా చెప్పరు కాబట్టి.

ఒకటి అడుగుతాను. జోలెని సున్నాకి తేవడం మీరెప్పుడైనా మర్చిపోయారా? ఊరికే అడుగుతున్నాను. కార్డు మీద చోటుంటేనే రాయండి.

ఇట్లు,
ఇరవై పౌన్ల పద్నాలుగు ఔన్సుల,
రోవెనా.


విథీ చెరువు,
అక్టోబరు 19, 2023.

హాలెట్ గారికి,

ఈసారి కార్డు కాదు, కవరే పంపారు. నాకు మీరు రాసిన మొట్టమొదటి ఉత్తరం. దాచుకున్నాను, మీరు అనుకునే కారణానికి కాదు. అందులో మాటలు మీకే తిరిగి రాస్తున్నాను, చదువుకోండి. “ముందు జోలె తడుపు. తర్వాత ముల్లు తిప్పు. ఆ తర్వాతే చేప. ఆ పని చేయనివాడు చెప్పే బరువు బరువు కాదు, అబద్ధం. నలభై ఏళ్ళలో నా తూకంలో అది ఒక్కసారి కూడా తప్పలేదు.”

ఇక్కడి సంగతి చెబుతాను. పోయిన శనివారం మధ్యాహ్నం లిండన్‌కి ఒంటిపొలుసు పడింది. వీపు మీద ఒకే ఒక్క పెద్ద పొలుసున్న చేప, మీకు తెలుసు. వల పట్టింది నేనే. పాడ్జెట్ ఖాళీ జోలె తగిలించి, ముల్లు తిప్పి, కళ్ళజోడు మార్చుకుని రెండుసార్లు చూసి, అప్పుడు చేపని ఎత్తనిచ్చాడు. ముప్పైతొమ్మిది పౌన్ల నాలుగు ఔన్సులు. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ కూర్చున్న మనిషికి ఇంతకంటే పెద్దది పడలేదు. అందరూ భుజం తట్టారు. లిండన్ చేపని వదిలి, నీళ్ళలోనే మోకాళ్ళ దాకా నిలబడి, పదిహేను ఔన్సులు, పదిహేనే ఔన్సులు, ఆ మహానుభావుణ్ణి అందుకోలేకపోయాను చూడు, అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. తర్వాత ముఖం కడుక్కున్నాడు, తడిసిన ముఖాన్నే.

ఎల్లుండి తర్వాతి రోజు, అంటే ఆదివారం, కమిటీ కూర్చుంటుంది. మీ చోటు సంగతి తేలుస్తారు. పోతుందేమో అని పాడ్జెట్‌ని అడిగాను. ఇంకొకడైతే జూలైలోనే పీకేసేవాళ్ళు అమ్మడూ, నలభై పట్టినవాడి రేవుని ఇంకొకడికి రాసిచ్చే ధైర్యం ఎవడికుంది, అన్నాడు. కాబట్టి మీ చోటు నా సేవ మీద ఆధారపడి లేదు. నాలుగు నెలలు నేను తిన్న దోమకాట్లకి దానితో సంబంధం లేదు. ఆ ఫొటో మీద నిలబడి ఉంది.

అందుకే వెళ్ళి దాన్ని మళ్ళీ చూశాను. ఈ గట్టు మీదివాళ్ళంతా దాన్ని పదిహేనేళ్ళుగా చూస్తున్నారు. చేపని చూస్తారు. కొంచెం మర్యాదస్థులైతే మిమ్మల్ని చూస్తారు. నేను తీసిన ఫొటో కాబట్టి నేను అంచులు చూశాను. వంకరగా తీశాను. ఎడమవైపు మూల నా వేలి నీడ ఉంది. కుడివైపు, మీ భుజం వెనక, ముక్కాలి కొయ్య. దానికి త్రాసు. త్రాసుకి ఖాళీ తడి జోలె. చేపని మీ చేతుల్లోకి తీసుకున్నాక ఆ జోలెని కొక్కేనికి మళ్ళీ తగిలించింది నేనే. ముల్లు కూడా కనిపిస్తోంది. పాడ్జెట్ కళ్ళజోడు అడిగి తెచ్చుకుని చూశాను.

ముల్లు సున్నా మీద లేదు హాలెట్ గారూ. రెండు దాటి ఉంది.

అదే జోలె. అదే రెండు పౌన్ల రెండు ఔన్సులు. మీ బిషప్ ముప్పైఎనిమిది పౌన్ల ఒక ఔన్సు. ఈ చెరువులో నలభై పౌన్ల చేప ఏనాడూ లేదు. ఒక చేప, ఒక తడిగుడ్డ ఉన్నాయంతే. దీనికోసం సముద్రం పోయింది, పుట్టినరోజు పోయింది, ఏడు నెలల్లో ఇల్లు పోయింది. నలభై పట్టినాయన అనిపించుకుంటూ పదిహేనేళ్ళు మీరు ఈ గట్టు మీద తిరిగారు. దాన్ని పాతిపెట్టేటప్పుడు నా టై కట్టుకున్నారు. మొదటిసారి గాలం పట్టిన నాకు రెండు నిమిషాల్లో అర్థమైన పనిని, నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదని నాకు పాఠం రాసి పంపారు.

చూసేవాళ్ళని కూడా అంటాను. ఎంత మంది! ఎన్ని కళ్ళజోళ్ళు! పొలుసు చూసి మార్గరెట్‌ని గుర్తుపట్టే కళ్ళు, గోడ మీది ముల్లుని పదిహేనేళ్ళు చూడలేకపోయాయి. మీరంతా ఒకరికొకరు తగినవాళ్ళే.

మీకు శనివారం దాకా గడువు ఇస్తున్నాను. మీ చేత్తో మీరే కమిటీకి ఫోన్ చేసి తూకం తప్పని చెప్పండి. లిండన్ పేరు పలక మీదికి ఎక్కనివ్వండి. చోటు పోతే పోనివ్వండి. మీరు చెప్పకపోతే ఆదివారం గుడిసెలో అందరి ముందూ నేను చెబుతాను. ఫొటో చేత్తో పట్టుకుని చెబుతాను. సంతోషంగా చెబుతాను.

ఇట్లు,
ముప్పైఎనిమిది పౌన్ల ఒక ఔన్సు మనిషి కూతురు,
రోవెనా.

తా.క. శుక్రవారం పొద్దున.

నాన్నా, కవరు అంటించాక మళ్ళీ చింపాను. పై ఉత్తరంలో ఉన్నదంతా నిజమే. ఒక్క సంగతి రాయలేదు. నీకు గుర్తుండదని ఆశపడ్డాను. లేదా గుర్తున్నా పైకి అనవని.

ఆ రోజు పొద్దున జోలె ఎలా తడపాలో, మర ఎటు తిప్పాలో నా చెయ్యి పట్టుకుని నేర్పావు. సాయంత్రం చేప వలలో పడ్డాక నీ రెండు చేతులూ ఖాళీ లేవు. రో, జోలె తడిపావా, సున్నాకి తిప్పావా, అని అరిచావు. తిప్పాను, అన్నాను. తడిపాను గానీ తిప్పలేదు. మర్చిపోయి కాదు. సముద్రానికి వేళ దాటిపోయింది, నాకు ఏడుపొస్తోంది, నీ ముల్లు ఎక్కడుంటే నాకేం అనిపించింది. చేపని ఎత్తబోతూ మళ్ళీ అడిగావు, సున్నాయేనా తల్లీ, అని. సున్నాయే, అన్నాను. నువ్వు వెనక్కి తిరిగి చూసుకోలేదు.

అది మీవాళ్ళు చేసే తతంగాల్లో ఇంకొకటనుకున్నాను. దానికి రెండు పౌన్ల బరువుంటుందని ఈ ఆగస్టు దాకా నాకు తెలీదు. తెలిశాక కూడా నిన్నటిదాకా నిన్నే తిట్టాను. తిట్టడం అలవాటైపోయింది.

ఇందాక గుడిసెలో పాడ్జెట్‌కి చెప్పేశాను. కెటిల్ కింద మంట ఆపేశాడు. సున్నా చూశారా అని నేనూ అడగలేదు అమ్మడూ, పరిగెత్తుకొచ్చా, నలభై చూశా, సాక్షి సంతకం పెట్టేశా, అన్నాడు. కుర్చీ ఎక్కి పలక దించాడు. లిండన్ అక్కడే ఉన్నాడు. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. డెస్మండ్‌కి తెలుసా, అని అడిగాడు. తెలీదు, అన్నాను. అయితే నా పేరు అప్పుడే రాయకు పాడ్జెట్, ముందు ఆయనకి తెలియనీ, అన్నాడు. అంతే. ఎగతాళి కూడా చేయలేదు.

చోటు సంగతి నాకు తెలీదు. నలభై లేదు కాబట్టి పోవచ్చు. నువ్వు ఫోన్ చేయక్కర్లేదు. ఆదివారం నేనే వెళ్ళి, నువ్వు అడిగావనీ, నేను అబద్ధం చెప్పాననీ చెప్పి, నీ చోటు నీకు ఉంచమని అడుగుతాను. పై ఉత్తరం చింపకుండా అలాగే పంపుతున్నాను. అది కూడా నేను రాసిందే.

ఆ రోజు రెండుసార్లు అడిగావు. రెండుసార్లూ నా మాట నమ్మావు. ఆ రోజు నుంచి నీ మాట ఒక్కటీ నేను నమ్మలేదు.

రో